‘కన్ను’కు ఎన్ని అర్థాలు? ఒకే ఆరోపమా, విడివిడిగానా?

పదసేకరణ:
అందరికీ నమస్కారం. మనం కలిసి కూరుస్తున్న నిఘంటువులో ‘కన్ను’ వంతు వచ్చింది. చిత్తుప్రతిలో ఆరు అర్థాలు పెట్టాను: చూసే అవయవం, చూపు, ఆశ లేదా అసూయ, వలలోని సందు, మొక్క మొలకెత్తే చోటు, తుపాను నడిమి భాగం.

తేలనివి మూడున్నాయి. కన్నుమూయు, కన్నుకుట్టు, కళ్ళు తిరుగు వంటివి ఈ ఆరోపం (నిఘంటువులో తలమాట, దాని కింది వివరం) కిందే అర్థాలుగా రావాలా, వేరే జాతీయాలుగా పోవాలా? ‘కను’ క్రియను దీనితో కలపాలా? సాక్షి, గవాక్షం లాంటి సంస్కృత పదాల్లోని కన్నును ఎక్కడ చూపాలి? ఉదాహరణ వాక్యాలతో చెబితే సాయంగా ఉంటుంది. నిఘంటువుల్లో ఉన్న పట్టికను తిరిగి ఎక్కించడం కాదు, వాడుకలో ఏది ఎలా నడుస్తోందో కావాలి.

వ్యాకరణి:
పదసేకరణ గారూ, అర్థాల పట్టిక కన్నా ముందు రూపాల పట్టిక వేయండి. ఈ మాట విషయంలో అర్థాన్ని సగం వరకు రూపమే తేలుస్తుంది.

ఏకవచనం కన్ను. బహువచనానికి మూడు రూపాలు: కన్నులు, కండ్లు, కళ్ళు. విభక్తి చేరేటప్పుడు ఏకవచనం ‘కంటి’ అవుతుంది: కంటిని, కంటితో, కంటికి, కంట్లో. ఇల్లు–ఇంటి, పన్ను–పంటి, మిన్ను–మింటి ఎలాగో ఇదీ అంతే. వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. అవయవం గురించి చెబుతూ ‘కన్నులో నలుసు పడింది’ అని రాస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కంట్లో నలుసే పడాలి. (మీ శీర్షికలో ‘కన్ను’కు అన్నది తప్పు కాదు. అక్కడ మాటను మాటగా ఉదహరించారు.)

ఇక సమాసంలో ముందు వచ్చేటప్పుడు కను-, కన్ను-, కంటి-, కళ్ళ- అని నాలుగు వేషాలు. ‘కను-’ పాత జట్టు: కనుబొమ్మ, కనురెప్ప, కనుపాప, కనుగుడ్డు, కనుకొలకు, కనుచూపు, కనుసన్న, కనుమరుగు, కనువిందు. ఈ జట్టులో కొత్తవాళ్ళు చేరడం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు ఏ కొత్త మాట పుట్టినా ‘కంటి’తోనే పుడుతుంది: కంటి పరీక్ష, కంటి చుక్కల మందు, కంటి శస్త్రచికిత్స. ‘కనుపరీక్ష’ అని ఎవరైనా కల్పిస్తే అది నిలవదు. రెండింటికీ కలిపి వాడే వస్తువుకూ జబ్బుకూ బహువచనం ముందుకొస్తుంది: కళ్ళజోడు, కళ్ళద్దాలు, కండ్లకలక.

సమాసం చివర చేరినప్పుడూ ‘కంటి’ కనిపిస్తుంది. మూడు కన్నులు గలవాడు ముక్కంటి, అంటే శివుడు. వెయ్యి కన్నులు గల ఇంద్రుడు వేకంటి. వీటికి సొంత ఆరోపాలుండాలి. ‘కన్ను’ దగ్గర ‘చూడు’ అని సూచిస్తే చాలు.

అచ్చుదిద్దు:
రూపాల దగ్గరే ఒక హెచ్చరిక. దిద్దుబాటుకు వచ్చే ప్రతుల్లో ఎక్కువగా తప్పేది ఈ బహువచనమే. కళ్ళు, కళ్లు రెండూ వాడుకలో ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకమంతా అదే ఉంచాలి. ‘కల్లు’ మాత్రం తాటిచెట్టు నుంచి దించేది. ‘కల్లు తిరిగాయి’ అని అచ్చయితే అర్థమే పోతుంది. ధాన్యం నూర్చే ‘కళ్ళం’, గుర్రానికి వేసే ‘కళ్ళెం’ కూడా కన్నుతో పొత్తు లేనివి. వెతుకుడు పెట్టెలో ‘కళ్ళ’ అని కొడితే ఇవన్నీ కలిసి వస్తాయి కాబట్టి ఉదాహరణలు ఏరేటప్పుడు చేత్తో వడకట్టాల్సిందే.

కండ్లు అనేది తక్కువ రకం రూపమని కొందరు దిద్దేస్తుంటారు. అది దారుణం. తెలంగాణలో నిత్యం పలికే రూపం అది, పాత గ్రంథాల్లోనూ ఉంది. నిఘంటువులో మూడింటినీ ఒకే వరసలో, ఏ గుర్తూ తగిలించకుండా ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను.

వ్యాకరణి:
అచ్చుదిద్దు గారి మాటకు నా ఓటు. ఇప్పుడు జాతీయాల సంగతి.

నేను వాడే కొలత ఇది: ఒక అర్థం ఒకే క్రియతో తప్ప నిలవకపోతే అది జాతీయం. రెండు మూడు వేర్వేరు క్రియలతోనూ నిలిస్తే అది ‘కన్ను’ అనే మాటకే ఉన్న అర్థం.

‘ఆశ’ను పరీక్షించండి. ‘ఆ పొలం మీద కన్నేశాడు.’ ‘ఆ పొలం మీద వాడి కన్ను పడింది.’ ‘ఆ పొలం మీద వాడికి ఎప్పటినుంచో కన్నుంది.’ మూడు క్రియలు మారినా ఆశ పోలేదు. కాబట్టి ఇది అసలు ఆరోపంలోనే అంకె వేసి ఇవ్వాల్సిన అర్థం. ‘అసూయ’ను అలా పరీక్షిస్తే కుట్టు తప్ప ఇంకేదీ నిలవదు. ‘పక్కవాడి మేడ చూసి వీడికి కన్ను కుట్టింది’ సరే. ‘వీడికి కన్నుంది’ అంటే మళ్ళీ ఆశ దగ్గరికే పోతాం. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అసూయే గానీ అది మొత్తం మాటలకట్టకున్న అర్థం, కన్నుకున్నది కాదు. అందుకే మీ చిత్తులో ‘ఆశ లేదా అసూయ’ అని కలిపినదాన్ని విడదీయండి. మొదటిది అర్థం, రెండోది జాతీయం.

మరణం కూడా జాతీయమే. కన్నుమూయు, కన్నుమూత తప్ప వేరే దారిలో కన్నుకు ఆ అర్థం రాదు.

పదసేకరణ:
ఈ కొలత బాగా పనికొస్తుంది. ఒక సందేహం. ‘ఓ కన్నేసి ఉంచు’ అంటే ఆశపడమని కాదు కదా, కనిపెట్టుకుని ఉండమని. కన్ను వేయడంలోనే రెండు అర్థాలు వస్తున్నాయే?

వ్యాకరణి:
అక్కడ పని చేసేది ‘ఓ’, ‘ఒక’ అన్న చిన్నమాట. ‘దుకాణం మీద కన్నేశాడు’ అంటే దక్కించుకోవాలని చూస్తున్నాడు. ‘దుకాణం మీద ఓ కన్నేసి ఉంచాడు’ అంటే కాపలా కాస్తున్నాడు. ఒక కన్ను అటు, రెండోది తన పని మీద అన్న భావం. ‘ఒక కంట కనిపెడుతూ ఉండు’ అన్నదీ ఈ కోవలోదే. వేరే క్రియతోనూ నిలిచింది కాబట్టి ‘నిఘా’ కూడా స్వతంత్ర అర్థమే. అయితే పక్కన ‘ఒక, ఓ అన్న విశేషణంతో’ అని తప్పక రాయాలి.

వచనమో విభక్తో మారితే అర్థం మారే జంటలు కూడా ఇవ్వాలి. తెలుగు నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

కన్ను పడింది: ఆశపడ్డాడు. కంట పడింది: అనుకోకుండా కనిపించింది. ‘తప్పిపోయిన దూడ వాడి కంట పడింది’ అంటే దొరికినట్టు. ‘తప్పిపోయిన దూడ మీద వాడి కన్ను పడింది’ అంటే యజమాని జాగ్రత్త పడాలి.

కన్నుమూశాడు: చనిపోయాడు. కళ్ళు మూశాడు: రెప్పలు వాల్చాడు, లేదా ఇంకొకరి కళ్ళు చేత్తో కప్పాడు. కళ్ళు మూసుకున్నాడు: తన కళ్ళే, లేదా జరుగుతున్న అన్యాయాన్ని పట్టించుకోలేదు.

కన్నెర్ర చేశాడు: కోపించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి: నిద్రలేమి కావచ్చు, పొగ కావచ్చు, కలక కావచ్చు.

కళ్ళు తెరిచాడు: మేలుకున్నాడు, లేదా నిజం తెలుసుకున్నాడు. ఈ రెండో అర్థానికి నామరూపం కనువిప్పు. ‘కన్ను తెరిచాడు’ అంటే ముక్కంటి మూడో కన్నే తోస్తుంది.

అచ్చుదిద్దు:
ఒక్కచోట విభేదిస్తాను. ‘కళ్ళు మూయడం’లో చావు అర్థం లేదనడం పూర్తిగా సరికాదు. ‘నేను కళ్ళు మూసుకున్నాక మీ ఇష్టం’ అని పెద్దవాళ్ళు అంటారు. ‘ముసలాయన కళ్ళు మూయగానే వాటాల గొడవ మొదలైంది’ అని కూడా వింటాం. అక్కడ బహువచనమే ఉంది, అర్థం మరణమే.

వ్యాకరణి:
ఆ వాక్యాలు సరైనవే. అయితే రెండింటిలోనూ చావు ప్రధానక్రియలో లేదు. ‘మూసుకున్నాక’, ‘మూయగానే’ అని తర్వాతి సంగతికి కాలం గుర్తుగా వచ్చింది. ‘నిన్న రాత్రి ఆయన కళ్ళు మూశారు’ అని మరణవార్త రాయరు, ‘కన్నుమూశారు’ అనే రాస్తారు. రెండు వాడుకలకూ చెరో ఉదాహరణ ఇచ్చి, వార్తాభాషలో ఏకవచనమే అని గమనిక పెడితే సరిపోతుంది.

పంటకాలువ:
మొక్కల కన్ను గురించి నేను చెబుతాను. చిత్తుప్రతిలో ‘మొక్క మొలకెత్తే చోటు’ అన్నది మరీ వదులుగా ఉంది. గింజ మొలకెత్తే చోటును కన్ను అనం. కాండం మీద నిద్రావస్థలో ఉన్న మొగ్గను కన్ను అంటాం.

చెరకులో ఇది పక్కా సాంకేతికపదం. కణుపు వేరు, కన్ను వేరు. కణుపు అంటే గడ మీది ముడి. కన్ను అంటే ఆ ముడిని అంటుకుని ఉన్న మొగ్గ. నాటే ముక్కను ముచ్చె అంటాం. ముచ్చెను కళ్ళతోనే లెక్కపెడతాం: ఒంటికన్ను ముచ్చె, రెండు కళ్ళ ముచ్చె, మూడు కళ్ళ ముచ్చె. మూడు కళ్ళవైతే హెక్టారుకు సుమారు 40 వేలు పడతాయి. గడలో పై మూడోవంతు కళ్ళు లేతగా ఉండి తొందరగా మొలుస్తాయి, అడుగున ఉన్నవి ముదిరి ఆలస్యం చేస్తాయి. అందుకే విత్తనానికి 7, 8 నెలల తోట మేలు. నాటేటప్పుడు కళ్ళు పక్కలకు ఉండాలి. కన్ను నేలవైపు పడితే మొలక ముచ్చెను చుట్టుకుని పైకి రావాలి, ఆ ఆలస్యంలో కొన్ని చచ్చిపోతాయి. కట్టలు విసిరేసినా, ఆకు దురుసుగా లాగినా ముందు చితికేది కన్నే. కన్ను పోయిన ముచ్చె నాటినా దండగే.

బంగాళాదుంపది కూడా కాండమే, వేరు కాదు. దాని మీది గుంటల్లో ఉండేవి కళ్ళు. తొడిమ అంటిన కొసకు ఎదురుకొసన కళ్ళు దట్టంగా ఉంటాయి, ముందు మొలిచేవీ అవే. కోసి నాటేటట్టయితే ముక్క 40, 50 గ్రాములుండి రెండు మూడు కళ్ళైనా ఉండాలి. కోసిన వెంటనే తడినేలలో పెడితే కుళ్ళుతుంది. గాలి ఆడే నీడలో ఉంచి కోతముఖం మీద బెరడు కట్టనివ్వాలి.

అంట్లలో ‘కన్ను అంటు’ ఉంది. గులాబీ, నిమ్మజాతి మొక్కలకు వాడతారు. వేరుమూలం, అంటే అంటు కట్టించుకునే కింది మొక్క, పెన్సిలు లావు ఉండాలి. నేలకు 15, 20 సెంటీమీటర్ల ఎత్తున బెరడు మీద ఇంగ్లీషు ‘టి’ ఆకారంలో గాటు పెట్టి, నిలువుగాటు రెండున్నర సెంటీమీటర్లు తీస్తారు. కావలసిన రకం కొమ్మ నుంచి కన్నును డాలు ఆకారంలో బెరడుతో సహా చెక్కి ఆ గాటులోకి జార్చి, కన్ను మాత్రం బయటికి కనిపించేలా పాలిథీన్ పట్టీతో చుడతారు. బెరడు తేలిగ్గా ఊడివచ్చే అదనులోనే ఇది పట్టుతుంది. చెట్టు బెట్టగా ఉన్నప్పుడు చేస్తే బెరడు చీలికలవుతుంది. రెండు మూడు వారాల తర్వాత కన్ను పక్కన వదిలిన ఆకుకాడను వేలితో తాకాలి. ముట్టగానే రాలితే అంటు పట్టింది. ఎండిపోయి అంటుకునే ఉంటే పోయింది. కన్నును తలకిందులుగా దూర్చడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. ఆకుకాడ మచ్చ కింద, మొగ్గ పైన ఉండేలా చూసుకోవాలి.

పదసేకరణ:
చాలా విలువైన వివరం. మరి కొబ్బరికాయ కళ్ళు, అనాస కళ్ళు? అవీ మొగ్గలేనా?

పంటకాలువ:
కావు. అందుకే వాటిని వేరే ఉపార్థం కింద పెట్టండి.

కొబ్బరికాయ కళ్ళు చిప్పలోని సన్నరంధ్రాలు. పువ్వులోని అండాశయంలో మూడు అరలుంటాయి, దానికి గుర్తుగా మూడు కళ్ళు. ఎదిగేది ఒక్క అరే కనుక మెత్తగా ఉండే కన్నూ ఒక్కటే. పిండం దాని కిందే ఉంటుంది, మొలక అందులోంచే వస్తుంది. మిగతా రెండూ గట్టిగా పూడుకుపోతాయి. నీళ్ళు తీయడానికి పుల్లతో పొడిచేటప్పుడు మూడింటినీ తడిమి చూస్తే ఏది లొంగుతుందో తెలుస్తుంది.

అనాస సంగతి వేరు. అది ఒక్క పండు కాదు, ఎన్నో పువ్వులు కలిసిపోయి ఏర్పడిన గుత్తి. ఒక్కో కన్ను ఒక్కో పువ్వు. తొక్క చెక్కాక గోధుమరంగులో మిగిలే ముళ్ళగుంటలవి. అవి ఏటవాలు వరసల్లో ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని పొడిచి తీయకుండా, వరస వెంబడి రెండువైపుల నుంచి వాలుగా కత్తి దించి కాలువలా తీసేస్తే కండ తక్కువ పోతుంది.

నెమలి ఈక మీది కన్ను మొగ్గా కాదు, రంధ్రమూ కాదు, ఆకారపు పోలిక. దానికి సంస్కృతంలో చంద్రకం అని పేరుంది.

తెరచాప:
వల కన్ను గురించి. వలలో నాలుగు ముడుల మధ్య ఉండే ఒక్కో సందును కన్ను అంటారు. వలను కొనేటప్పుడు, వాడేటప్పుడు చూసేది ఈ కొలతే. కొలిచే పద్ధతులు రెండు, తగాదాలన్నీ అక్కడే. ఒకటి, కన్నును నిలువుగా బిగలాగి ఎదురెదురు ముడుల మధ్య దూరం కొలవడం. రెండోది, ఒక ముడి నుంచి పక్క ముడికి ఒక్క భుజం కొలవడం. లాగి కొలిస్తే 20 మిల్లీమీటర్లు వచ్చే కన్ను, భుజం కొలిస్తే 10 మాత్రమే. ఏ కొలతో చెప్పకుండా ‘20 కన్ను వల’ అంటే ఒకరు అనుకున్నదానికి రెట్టింపు కన్ను చేతికొస్తుంది. కన్ను చిన్నదైతే పిల్లచేపలు కూడా చిక్కి మరుసటేడు దొరికే చేపలు తగ్గిపోతాయి. అందుకే చట్టాలు కన్నుకు కనీసపు కొలత పెడతాయి.

వంతెన కింద నీళ్ళు పారే కమాను ఖాళీని కూడా కన్ను అంటారు, ‘మూడు కళ్ళ వంతెన’ అన్నట్టు. ఈ అర్థం తెలుగుకే పరిమితం కాదు. కేరళలో తెన్మల దగ్గరి రైలు వంతెనను ‘పదిమూన్ను కణ్ణర పాలం’ అంటారు. పదమూడు కమాన్లున్నాయి దానికి.

ఇక తుపాను కన్ను. చిత్తులో ‘తుపాను నడిమి భాగం’ అంటే చాలదు. బలహీనమైన వాయుగుండానికి నడిమి భాగం ఉంటుంది, కన్ను ఉండదు. తుపాను బాగా బలపడ్డాకే మధ్యలో గాలి కిందికి దిగి, మబ్బు విడిపోయి, గుండ్రటి ప్రశాంత ప్రదేశం తెరుచుకుంటుంది. దాని అడ్డుకొలత ఎక్కువగా 30 నుంచి 65 కిలోమీటర్లుంటుంది. దాన్ని చుట్టి ఉన్న మబ్బుగోడలోనే అన్నిటికన్నా తీవ్రమైన గాలి. కన్ను 40 కిలోమీటర్లు, తుపాను నడక గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే, సరిగ్గా నడినెత్తిన దాటే చోట ప్రశాంతత రెండున్నర గంటలకు కాస్త పైన. ఆ తర్వాత మబ్బుగోడ రెండో వైపు వస్తుంది, గాలి ఎదురుదిక్కు నుంచి కొడుతుంది. మొదటి గాలికి ఒకవైపు వాలి సగం వేళ్ళు తెగిన చెట్లు ఈ రెండో గాలికి పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరం ఈ కన్నులోంచే గడిచింది. గాలి ఆగింది కదా అని బయటికి రావద్దని హెచ్చరికల్లో చెప్పేది ఇందుకే. ఉదాహరణ వాక్యం ఇస్తే ఆ జాగ్రత్త కూడా అందులో ఉండేలా రాయండి. నిఘంటువు చదివినవాడికి అదీ పనికొస్తుంది.

అచ్చుదిద్దు:
సూది కన్ను అని అనువాదాల్లో ఈమధ్య చూస్తున్నాను. దాన్ని రంధ్రం అర్థంలో చేర్చాలా?

తెరచాప:
వద్దు. తెలుగులో సూదికి ఉన్నది బెజ్జం. దారం ఎక్కించేది బెజ్జంలోకే. బైబిలు తెలుగు అనువాదంలో ఒంటె దూరేదీ సూదిబెజ్జంలోకే. వాడుకలో సలక్షణమైన మాట ఉండగా పరభాష నీడలో పుట్టిన పదబంధానికి చోటిస్తే రేపు అదే ప్రమాణం అయిపోతుంది. అలాగే చొక్కా గుండీ దూరేది కాజా, గోడకు దొంగ వేసేది కన్నం. ‘కన్నం’ చూడటానికి దగ్గరగా ఉన్నా దానికి వేరే ఆరోపం ఇవ్వండి. కన్నపుదొంగ, కన్నం వేయు అని దానికి సొంత సంసారం ఉంది.

చూపులెక్క:
జబ్బుల పేర్ల దగ్గర నిఘంటువులు చదువరిని ప్రమాదంలో పడేస్తున్నాయి, కాబట్టి జాగ్రత్తగా రాయండి. శుక్లం, పువ్వు, నీటికాసులు మూడింటికీ ‘కంటి జబ్బు’ అని ఒకే ముక్క రాస్తే కుదరదు.

శుక్లం లోపలి కటకం మసకబారడం. కంటిపువ్వు పైనున్న నల్లగుడ్డు పారదర్శకపు పొర మీద తెల్లమచ్చ పడటం. దెబ్బ వల్లో, పుండు మానిన మచ్చ వల్లో వస్తుంది. రెండూ బయటికి తెల్లగా కనిపించవచ్చు. శుక్లాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చితే చూపు వస్తుంది, పువ్వుకు ఆ చికిత్స పనిచేయదు. నీటికాసులు చూపునరం దెబ్బతినే జబ్బు. ఎక్కువమందిలో కంట్లో ఒత్తిడి పెరగడం దీనికి కారణం. మామూలు ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం. ముందు పక్కచూపు తరుగుతుంది, నొప్పి ఉండకపోవచ్చు, పోయిన చూపు తిరిగి రాదు. ‘శుక్లం ముదిరాక చూద్దాంలే’ అన్నట్టు దీన్ని వాయిదా వేయకూడదు. ఆ తేడా నిర్వచనంలోనే తెలియాలి.

కండ్లకలక అంటువ్యాధి కావచ్చు. తువ్వాలు, చేతులు, దిండుగలీబుల ద్వారా వస్తుంది. ఎదుటివాడి కళ్ళలోకి చూస్తే రాదు. రేచీకటి మసకవెలుతురులో చూపు ఆనకపోవడం, దానికి విటమిన్ ‘ఎ’ లోపం ముఖ్యకారణం. మెల్లకన్ను రెండు కళ్ళూ ఒకేచోట నిలవకపోవడం. పసిపిల్లల్లో దీన్ని ‘అదృష్టం’ అని వదిలేస్తే వాలిన కంటి చూపును మెదడు వాడటం మానేస్తుంది. చత్వారం సంస్కృతంలో నలభై అని అర్థమున్న చత్వారింశత్ నుంచి వచ్చింది. ఆ వయసులో కటకం మెత్తదనం తగ్గి దగ్గరి అక్షరాలు ఆనవు. అది జబ్బు కాదు, వయసు మార్పు.

ఇంకొకటి. ‘దూరదృష్టి’ని చూపు దోషంగానూ, ముందుచూపు అనే గుణంగానూ వాడుతున్నాం. దోషానికి పాఠ్యపుస్తకాల్లో ‘దీర్ఘదృష్టి’ ఉంది. నిఘంటువు దానికే ఓటు వేస్తే గందరగోళం తగ్గుతుంది.

‘కళ్ళు తిరగడం’ కంటి జబ్బుల్లో పెట్టకండి. అది తలతిరుగుడు, లోపలిచెవి, రక్తపోటు, ఆకలి ఏదైనా కారణం కావచ్చు.

మూలధాతువు:
సంస్కృత భాగం నేను చెబుతాను. నయనం, నేత్రం రెండూ ‘నీ’ ధాతువు నుంచి వచ్చాయి, నడిపించేది అని. లోచనం ‘లోచ్’ నుంచి. ఆలోచనలో ఉన్నదీ ఆ ధాతువే. చక్షువు ‘చక్ష్’ నుంచి. ఇవి కన్నుకు పర్యాయాలు కాబట్టి పర్యాయాల గడిలో వేయండి, ఒకదాని చోట ఇంకొకటి కుదరదన్న గమనికతో. నేత్రదానం అంటాం, నయనదానం అనం. నిఘానేత్రం అంటాం, నిఘాలోచనం అనం.

‘అక్షి’ మాత్రం పర్యాయంగా కన్నా ఇతర మాటల కడుపులో ఎక్కువగా ఉంది. కళ్ళతో చూసినవాడు సాక్షి. కంటి ఎదుట ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం, కళ్ళముందు సమక్షం. కడకంటి చూపు కటాక్షం. దయ అన్న అర్థం తర్వాత స్థిరపడింది. గవాక్షం ఎద్దుకన్ను ఆకారపు కిటికీ, రుద్రాక్ష రుద్రుని కన్ను. ‘కన్ను’ ఆరోపంలో ఇవన్నీ గుదిగుచ్చితే బరువైపోతుంది. ‘అక్షి’కి ఆరోపం పెట్టి అక్కడ చూపండి, ఇక్కడ ఒక్క లంకె చాలు.

దృష్టి, దిష్టి జంటను మాత్రం ఇక్కడ ప్రస్తావించాలి. దిష్టి దృష్టికి వికృతి. ప్రకృతికి చూపు అనే అర్థం మిగిలింది, వికృతికి చెడుచూపు అనే అర్థం పట్టింది. ‘బిడ్డకు దిష్టి తగిలింది’ అనే చోట ‘నలుగురి కళ్ళూ పడ్డాయి’ అని కూడా అంటాం. వ్యాకరణి గారి జంటల్లో దీన్నీ చేర్చాలి: కన్ను పడితే ఆశ, కళ్ళు పడితే దిష్టి.

వ్యాకరణి:
ఆ చివరి జంట తప్పకుండా చేరాలి. ‘కనుసన్న’ గురించి కూడా ఒకమాట. మొదటి అర్థం కంటితో చేసే సైగ. ఇప్పుడు పత్రికల్లో ‘ఆయన కనుసన్నల్లో నడుస్తోంది’ అంటే అదుపు, పెత్తనం అని. సైగ అర్థాన్ని చెరిపేయకుండా రెండో అంకె కింద అదుపు ఇవ్వండి, బహువచనంలోనే వస్తుందని రాయండి.

పదసేకరణ:
ఇక మిగిలింది ‘కను’ క్రియ. కన్నతల్లి, కలగను, కనుగొను, కనిపెట్టు అన్నీ ఒక్కటేనా?

మూలధాతువు:
ఒకే రూపంలో రెండు క్రియలు ఉన్నాయి, రెండు ఆరోపాలు ఇవ్వండి. చూచు అర్థం ఉన్న ‘కను’ నుంచి కనుగొను, కనిపించు, కనబడు, కనిపెట్టు, కలగను. పెద్దల దర్శనానికి వెళ్ళినప్పుడు ఇచ్చే ‘కానుక’ కూడా ఈ కుటుంబానిదే, తమిళంలో కాణిక్కై. ‘కనీ వినీ ఎరుగని’లో ఉన్నదీ ఇదే. ఈనాటి మాటల్లో ఈ క్రియ ఒంటరిగా దాదాపు రాదు, ఇంకో మాట తోడు కావాలి. ‘నిన్ను కన్నాను’ అంటే ఇవాళ ఎవరూ చూశానని అనుకోరు. ప్రసవించు అర్థం ఉన్న ‘కను’ మాత్రం ఒంటరిగా హాయిగా తిరుగుతోంది: బిడ్డను కన్నది, కన్నవాళ్ళు, కాన్పు.

కనిపెట్టు దగ్గర మళ్ళీ మూడు అర్థాలు విడిపోతాయి. ‘కొత్త యంత్రం కనిపెట్టాడు’ అంటే సృష్టించాడు. ‘దొంగను కనిపెట్టాడు’ అంటే పోల్చుకున్నాడు. ‘రోగిని కనిపెట్టుకుని ఉంది’ అంటే దగ్గరుండి చూసుకుంటోంది. ఈ మూడోది ‘-కొను’ చేరితేనే వస్తుంది.

అచ్చుదిద్దు:
ఉదాహరణలు యంత్రంతో వెతికి తెచ్చేవాళ్ళకు ఒక జాగ్రత్త. ‘కంటే’, ‘కన్నా’ అని కొడితే తొంభైపాళ్ళు పోలికకు వచ్చినవే దొరుకుతాయి: ‘అన్న కంటే తమ్ముడు పొడవు’. ‘కలలు కంటే చాలదు’లో ఉన్నది క్రియ. ముందు ‘కల’, ‘బిడ్డ’, ‘పిల్ల’ మాటలు ఉన్న వాక్యాలు ఏరుకుంటే క్రియ దొరుకుతుంది. ‘కంటి’ అని వెతికితే ఈ బాధ తక్కువ, కానీ ముక్కంటి, ఓరకంటి జారిపోతాయి. మాట మొదట్లోనే కాక మధ్యలో, చివర కూడా వెతికే గుర్తు పెట్టాలి. ‘కళ్ళ’ బదులు ‘కళ్ల’, ‘కండ్ల’ రూపాలతో కూడా విడిగా వెతకకపోతే సగం వాడుకలు మీ పట్టికలోకి రావు.

పదసేకరణ:
సరే, ఈ మూడు రూపాలతో వెతికి, ఒక్కో అర్థానికి రెండేసి వాక్యాలు చిత్తులో పెడతాను. చెరకు, అంటు, వల కొలతల వాక్యాలు పంటకాలువ గారు, తెరచాప గారు ఒకసారి చూసి పంపండి. జబ్బుల నిర్వచనాలు చూపులెక్క గారు సరేననే వరకు అచ్చుకు ఇవ్వను.